ఆరబోసిన వడ్ల పక్కన

ఉగాది దాటినా ఈ ఏడు చలి పోలేదు. రాత్రి కురిసిన అకాల వానకు, తెల్లవారి కిటికీ తెరవగానే సముద్రం మీది చల్లగాలితో పాటు తడిసిన వడ్ల వాసన లోపలికి వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు సుగుణక్క, ఆమె తొక్కిన మగవాళ్ల సైకిలు గుర్తుకొస్తాయి.

సుగుణక్క మా పక్కింట్లో బట్టలు కుట్టేది. అమ్మ మంచాన పడ్డాక నేను బడి మానేశాను. ఒకరోజు అక్క మా గుమ్మంలో నిలబడి, "నువ్వు బడికి పోలేకపోతే బడే నీ దగ్గరికి వస్తాది లే మే," అంది. అప్పటినుంచి అమ్మ పిలిస్తే వినపడేలా ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని చదివేదాన్ని. ముందు ప్రార్థన, తరువాత లెక్కలు. లెక్క తప్పితే తిట్టేది కాదు. "విప్పి మళ్లీ కుట్టు," అనేది.

అలా ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు కట్టాను. రాయాల్సింది గూడూరులో. మొదటి పరీక్ష ముందు రాత్రి ఇలాంటి వానే పడింది. దారిలో చెట్టు కూలిందని వాకాడు నుంచి బస్సు రాలేదు. ఈసారి తప్పితే చదువు మాటే ఎత్తవద్దని నాన్న ముందే చెప్పి ఉన్నాడు. అక్క సైకిలు తీసి, కళ్లు మూసుకుని ప్రభువుతో రెండు మాటలు చెప్పుకుని, "ఎక్కు," అంది.

"అంత దూరమా అక్కా?"

"చూస్తా కూర్చుంటే తగ్గతాదా?"

దారి పొడుగునా ఎదురుగాలి. వెనక కూర్చున్న నాకే వేళ్లు కొయ్యబారాయి. గూడూరు దగ్గరపడుతుండగా రోడ్డు నిండా వడ్లు కనిపించాయి. తడిసిన పంట మొలకెత్తక ముందే ఆరాలని రైతులు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచారు. అక్క దిగి, సైకిలును పక్కన బురదలోకి దించింది.

"ఎక్కించి పోదాం అక్కా, టైమైపోతా ఉంది. అందరూ పోతానే ఉండారు గదా!"

"ఒకరి కూడు మీద చక్రం తోలుకుంటా పోయి నువ్వు రాసేదేంది మే?"

నాకు ఏడుపొచ్చింది. చక్రాలు బురదలో కదలడం లేదు. వడ్లు తిరగేస్తున్న ఒక పెద్దాయన అరిచాడు: "ఏమ్మా, రోడ్డు కనపడలా? బురదలో దిగినారే!"

"బిడ్డకు పరీక్ష, పెదనాయనా. మీ వడ్లు తొక్కేదెందుకని."

ఆయన వడ్లు తిరగేసేది ఆపాడు. వచ్చి వెనక చక్రం ఎత్తిపట్టాడు. ముందు అక్క, వెనక ఆయన, వడ్లు అయిపోయేదాకా సైకిలును మోశారు. నా వణుకు చూసి భుజాల మీద పొడి గోనెసంచి కప్పాడు.

గేటు మూయబోతుంటే చేరాం. "ఏందమ్మా, పరీక్షకా, మిల్లుకా?" అన్నారు లోపలి మేష్టారు. అందరూ నవ్వారు. ఆ గోనెలోనే చేతులు దూర్చి, వేళ్లు వెచ్చబడ్డాక పెన్ను పట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే, అక్క గోడ పక్కన కూర్చుని చీర అంచుకు అంటిన బురద పుల్లతో గీక్కుంటోంది.

ప్యాసయ్యాను. ఆ చదువుతోనే ఇవాళ చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరికీ రోజూ వందనాలు చెప్పుకుంటాను.

ఈ ఉదయం పనికి వెళుతుంటే దారంతా వడ్లే. స్కూటీ ఆపి దిగాను.

"ఏం గాదు, ఎక్కించి పోమ్మా," అంది కాపలా ఉన్న ఆమె.

"తోసుకుంటాలే తల్లీ," అని బురదలోకి దించాను. బండి బరువు, పైగా చలిగాలి. నాలుగడుగులు వేసేసరికి బండి ఉన్నట్టుండి తేలికైంది. తిరిగి చూస్తే, ఆమె చీర చెంగు నడుముకు చెక్కి వెనక నుంచి తోస్తోంది.