ఫిరంగులకు ఎదురుగా ఉన్న ఊరు

ఏటా జూలై రాగానే సింగపూర్‌లో జాతీయ దినోత్సవానికి రిహార్సల్స్ మొదలవుతాయి. శనివారం సాయంత్రాలు మెరీనా బే వైపు నుంచి ఫిరంగుల మోత వినిపిస్తుంది. మోత కంటే ముందు అదురు తెలుస్తుంది. ఛాతీ మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టుంటుంది, ఆఫీసు కిటికీ అద్దం సన్నగా జుమ్మంటుంది. మా ఆఫీసు పిల్లలు ఫోన్లు పట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తుతారు. నేను కుర్చీలోంచి లేవను. ఆ మోత వింటే నాకు రజియా మేడమ్ గుర్తొస్తారు. ఫిరంగి పేలుడును కంప్యూటర్లో ఎలా పుట్టించాలో నేను నేర్చుకున్నది ఆవిడ కింద పనిచేసేటప్పుడే. ఆ గుండు ఎక్కడ పడుతుందో చూడమన్నది కూడా ఆవిడే.

కంప్యూటర్ చదువు ఉన్నవాడినల్లా విమానం ఎక్కిస్తున్న రోజులవి. నేను బందరు నుంచి వచ్చాను. టోవా పాయోలో ఒక పాత భవనం మూడో అంతస్తులో చిన్న కంపెనీ మాది. బడిపిల్లల కోసం పాఠాల సీడీలు తయారుచేసేవాళ్ళం. రజియా మేడమ్ మా ప్రాజెక్టు లీడర్. హైదరాబాదు మలక్‌పేటలో పుట్టి పెరిగారు. భర్త తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో ఇంజినీరు, కాపురం యూ టీ అనే పేటలో. ముదురు రంగు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. మొదటిరోజు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. మధ్యాహ్నం నేను డబ్బా మూత తియ్యగానే గోంగూర వాసన పట్టి, "అరె, తెలుగోడివా? చెప్పవేంది మరి!" అన్నారు. ఆరోజు నుంచి నాతో ఆఫీసు మాటలు ఇంగ్లీషులో, అసలు మాటలు తెలుగులో.

ఆసియా చరిత్ర మీద ఒక సీడీ చేసే పని వచ్చింది. అందులో నాకిచ్చిన భాగం నల్లమందు యుద్ధం. చైనా తీరాన ఒక దీవి మీద ఉన్న డింగ్‌హాయ్ అనే రేవు పట్టణాన్ని బ్రిటిష్ నౌకాదళం పట్టుకోవడం. దాడికి వెళ్ళిన ఓడలు ముందు ఇదే సింగపూర్‌లో చేరి, నీళ్ళూ సరుకులూ నింపుకుని ఉత్తరానికి సాగాయి. ఊరిని లొంగిపొమ్మన్నారు, కొంత గడువిచ్చారు. గెలవలేమని తెలిసీ అక్కడి అధికారులు లొంగలేదు. ఫిరంగులు పేలింది కొద్ది నిమిషాలే. మర్నాడు సైనికులు కోటగోడ దాటేసరికి ఊరు దాదాపు ఖాళీ. పాఠ్యపుస్తకంలో ఇదంతా ఒక పేరా.

నేను దాన్ని ఆటలా చేశాను. పిల్లవాడు ఓడ మీద నిలబడతాడు, మౌస్ నొక్కితే ఫిరంగి పేలుతుంది, పొగ లేస్తుంది, గోడ కూలుతుంది. పొగ సుడులు తిరగడం కోసం ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. బొమ్మలు వేసే మేయ్ లింగ్ చూసి, "వా, పవర్‌ఫుల్ లా!" అంది తన సింగపూర్ ఇంగ్లీషులో. రజియా మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశారు. మళ్ళీ ఒకసారి వెయ్యమన్నారు.

"పొగ మంచిగ చేసినవ్ సుధాకర్. ఊర్ల మనుషులేరి?"

"ఊరు దూరంగా కనిపిస్తుంది కదండీ మేడమ్. ఓడ మీంచి చూస్తే మనుషులు కనపడరు."

"ఓడ మీంచి ఎందుకు చూస్తున్నం మనం?"

ఆ దండులో మద్రాసు సైన్యం వాళ్ళు కూడా వెళ్ళారనీ, వాళ్ళలో తెలుగువాళ్ళు ఉండే ఉంటారనీ, నేను చదివింది గర్వంగా చెప్పాను. "ఉంటరు, ఎందుకుండరు," అన్నారావిడ. కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "మీది బందరు కద. రేపు పొద్దున మీ రేవుకాడ గన్ని ఓడలొచ్చి నిలబడినయనుకో. ఊరు మాకియ్యి, లేకుంటె కాలుస్తం అన్నరనుకో. మీ ఇంట్ల ముందుగాల ఎవరేం చేస్తరు?"

నవ్వుతూనే మొదలుపెట్టాను. నాన్న పరిగెత్తి రోల్డుగోల్డు కొట్టుకి తాళం వేస్తాడు. అమ్మ బియ్యం మూటకట్టి, పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసుకుంటుంది. అక్క పిల్లల్ని పోగేస్తుంది. అక్కడికి వచ్చి ఆగిపోయాను. తుంటి ఎముక విరిగి మా నాయనమ్మ అప్పటికి మంచంలోనే ఉంది.

"నాయనమ్మ నడవలేదండీ," అన్నాను.

"మరి ఇడిసిపెట్టి పోతరా?"

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఆవిడ, "గదే బేటా. గది చెయ్యి," అని లేచి వెళ్ళిపోయారు.

అలా పాఠం మొత్తం తిరగబడింది. ఇప్పుడు పిల్లవాడు ఓడ మీద ఉండడు, ఊళ్ళో ఒక చేపల వర్తకుడి ఇంట్లో ఉంటాడు. దూరంగా సముద్రం మీద తెరచాపలు కనిపిస్తాయి. ఏం సర్దుకోవాలి, ఏ ద్వారం నుంచి వెళ్ళాలి, మంచం దిగి మెల్లగా అడుగులేసే ముసలమ్మను ఎవరు నడిపించాలి, అన్నీ ఆ పిల్లవాడే తేల్చుకోవాలి. ముసలమ్మ బొమ్మకు మేయ్ లింగ్ తన అమ్మమ్మ ముఖం పెట్టింది. "షీ వోంట్ మైండ్," అంది గానీ, ఆ ముఖాన్ని చాలాసార్లు చెరిపి గీసింది. ఫిరంగి మోత అలాగే ఉంచాం; కాకపోతే అది ఇంటి లోపలికి వినిపిస్తుంది, గోడల అవతల నుంచి, ఎక్కడ పడుతుందో తెలియకుండా.

ఓడ పాఠం, ఊరి పాఠం రెండూ ఒక బడికి తీసుకెళ్ళి పిల్లలకు చూపించాం. మొదటిదానికి క్లాసంతా కేకలు, చప్పట్లు. రెండోది పెట్టినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఒక అమ్మాయి ముసలమ్మ మీద మౌస్ నొక్కుతూనే ఉంది. "వై షీ కెనాట్ వాక్ ఫాస్టర్, ఆ?" అని నన్నడిగింది. ఆవిడకు నడుం బాగా లేదని చెప్పాను. "దెన్ ఐ వెయిట్ ఫర్ హర్ లా," అని మౌస్ వదిలేసి చేతులు కట్టుకుని కూర్చుంది. రజియా మేడమ్ గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

మా డైరెక్టరుకు మాత్రం చప్పట్లే వినిపించాయి. కొనేవాళ్ళు మొదటిదే అడుగుతున్నారనీ, పిల్లలకు ఏడుపు పనికిరాదనీ, రెండోది పక్కన పెట్టేయమనీ అన్నాడు. అప్పటికే మార్కెట్ దిగజారింది. మా భవనంలోనే పక్క కంపెనీ తలుపుకు తాళం పడింది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు డెమో నడపడానికి నేనూ డైరెక్టరు గదిలో ఉన్నాను. రజియా మేడమ్ కప్పులో టీ పూర్తిగా తాగి, కప్పు పక్కన పెట్టారు. రెండూ ఉంచుదాం, ఎవరు ఎక్కడ నిలబడాలో పిల్లలే ఎంచుకుంటారు అన్నారు. డైరెక్టరు ఒప్పుకోలేదు.

"అయితే మొదటిది ఒక్కటే బయటికి పంపే పని నేను చెయ్యలేను," అన్నారావిడ ఇంగ్లీషులో, క్యాంటీన్లో టీ చెప్పినంత మామూలుగా. "వేరేవాళ్ళకు ఇవ్వండి. అన్నీ సరిగ్గా అప్పగిస్తాను. ఎవరికీ ఇబ్బంది రాదు."

"బయట పరిస్థితి తెలుసు కదా, రజియా?"

"తెలుసు."

గొంతు పెరగలేదు, వణకలేదు. డైరెక్టరు చెడ్డవాడేం కాదు. జీతాలివ్వడానికి అతని తిప్పలు అతనివి. ఆ నెలాఖరుకు ఆవిడ ఉద్యోగం పోయింది.

నేనూ మానేస్తానన్నాను. భోజనానికి హాకర్ సెంటర్ అనే తిండికొట్ల చావడిలో కూర్చుని ఉన్నాం. ఆవిడకు నిజంగా కోపం వచ్చింది. "నక్కో, వద్దు! పిచ్చి లేసిందా? ఈ దేశంల ఉండే నీ పాసు ఈ ఉద్యోగం మీదుంది. ఇంటికాడ నాయనమ్మ మందులు నీ మీదున్నయి. గది నా మాట, నేను చెప్పిన. నీ మాట నీకొచ్చిన్నాడు నువ్వు చెప్పుకో." తరవాత నా ప్లేటు వైపు చూసి, "తిను, సల్లారుతది," అన్నారు.

సీడీ ఫిరంగులతోనే బజారులోకి వెళ్ళింది. కొన్ని బళ్ళు కొన్నాయి. తరవాత సీడీల కాలమే పోయింది. రజియా మేడమ్‌కు చాన్నాళ్ళు పని దొరకలేదు. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పారు. చివరికి ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ప్రతి ఈద్‌కూ యూ టీ వెళ్ళేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక, "అప్పుడు అలా అన్నందుకు ఎప్పుడైనా బాధనిపించిందా మేడమ్?" అని అడిగాను.

"అనిపియ్యకేంది? బాత్‌రూంల నల్లా తిప్పి ఏడ్చిన, మా ఆయనకు ఇనబడొద్దని," అన్నారు షీర్ ఖుర్మా గిన్నె నా ముందుకు జరుపుతూ. "అయినా మల్ల అడిగితె మల్ల గదే చెప్త."

కొన్నేళ్ళ కిందట ఆవిడ పోయారు. చోవా చూ కాంగ్ ఖబరస్తాన్‌కు ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎంతమంది వచ్చారో! మేయ్ లింగ్ కూడా వచ్చింది.

ఆవిడ ధైర్యం నాకు అబ్బిందని చెప్పను. నేను జాగ్రత్తపరుణ్ణి, ఇంటి అప్పు తీర్చుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కానీ ఆ తరవాత రెండుసార్లు, రెండు వేరు వేరు కంపెనీల్లో, ఈ పని నేను చెయ్యనని చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లూ ముందు ఇంటి అప్పు లెక్క చూసుకున్నాను. అయినా గొంతు పెంచకుండా, ఎవరినీ నిందించకుండా, పని సరిగ్గా అప్పగిస్తానని చెప్పి, చెప్పాల్సిందే చెప్పాను. ఒకచోట నా మాట విన్నారు. ఇంకోచోట నన్ను పంపేశారు.