బొబ్బర్ల బులెటిన్‌లో చివరి పేజీ

2022 ఫిబ్రవరి. కెనడాలోని రెజైనాలో ఆ వారమంతా మైనస్ ముప్ఫై. మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నాలుగో అంతస్తు, హీటర్ పక్కన నా బల్ల. అప్పటికి నేను అక్కడ లైబ్రేరియన్‌గా చేరి పద్దెనిమిదేళ్లు. తెలుగువాళ్ల పాట్‌లక్‌ విందుల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ" అని అడిగితే నాకు విసుగొచ్చేది. లైబ్రరీ అనగానే పుస్తకాలకు ముద్రలు కొడతాననుకుంటారు. నా పని బిబ్లియోమెట్రిక్స్. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఎన్ని పరిశోధన వ్యాసాలు వచ్చాయి, ఏ పత్రికల్లో వచ్చాయి, వాటిని మిగతా శాస్త్రవేత్తలు ఎంతగా ఉదహరించారు అన్నది పెద్ద పెద్ద డేటాబేసుల్లోంచి తీసి నివేదిక రాయడం. వినడానికి చప్పగా ఉంటుంది గానీ, అలాంటి నివేదిక మీద కొన్నిసార్లు ఒక ప్రయోగశాల బతుకు ఆధారపడి ఉంటుంది.

ఆ ఏడాది మా సైన్సు విభాగం పప్పుధాన్యాల నిల్వ మీద ఒక ఉమ్మడి ప్రాజెక్టు తలపెట్టింది. మా సస్కాచవాన్ రాష్ట్రంలో మసూర్లు, పశ్చిమ ఆఫ్రికాలో బొబ్బర్లు. పంట వేరైనా పురుగు బెడద రెండు చోట్లా ఉంది. ఘనా నుంచి ఒక విశ్వవిద్యాలయాన్ని భాగస్వామిగా తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు డేవిడ్. "పదేళ్లలో వాళ్ల రీసెర్చ్ అవుట్‌పుట్ ఎంతో చూసి చెప్పు సుగుణా" అన్నాడు. నాలుగు రోజుల్లో చూశాను. మలేరియా మీద, నీటి మీద వాళ్ల పని బోలెడు. ధాన్యం నిల్వ విభాగం నుంచి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వ్యాసాలు. "ఈ రంగంలో గుర్తించదగిన పరిశోధన కనిపించలేదు" అని రాశాను. పొందిగ్గా కుదిరిందని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నివేదికను కమిటీకి ఇచ్చే ముందు, అది ఎవరి గురించో వాళ్లకి పంపుతాం, పొరపాట్లుంటే చెప్పమని. మర్నాడే ఆ నిల్వ విభాగం అధిపతి ప్రొఫెసర్ అబెనా నుంచి వీడియో కాల్ వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చుంది. మాటలు ఇంగ్లీషులోనే అనుకోండి, నాకు మాత్రం అవి ఇప్పటికీ తెలుగులోనే గుర్తొస్తాయి.

"రైతుల కోసం మేం వేసే బులెటిన్లు చూశారా?" అని అడిగింది.

"అవి లెక్కలోకి రావండి. వాటిని గ్రే లిటరేచర్ అంటాం. పత్రికలో వచ్చే వ్యాసాన్ని తోటి శాస్త్రవేత్తలు పరిశీలించి ఒప్పుకుంటారు. దాన్నే పీర్ రివ్యూ అంటాం. బులెటిన్‌కి అది ఉండదు కదా."

"మా విభాగంలో ఒక నియమం ఉంది. మా మొదటి అధిపతి పెట్టారు. ఏది కనిపెట్టినా ముందు రైతులకీ, సంతలో బొబ్బర్లు అమ్ముకునే ఆడవాళ్లకీ చెప్పాలి. ఆ తర్వాతే పత్రికకి. పత్రిక వాళ్లు ఒప్పుకునేదాకా ఏడాది ఆగితే, ఆ ఏడాది పంటంతా పురుగు పాలు. తీరా మేం వ్యాసం పంపితే, ఇది మీరు ముందే ప్రచురించేశారు కదా అని తిప్పి పంపుతారు."

నాకు ఒళ్లు మండింది. రూలు రూలే కదా, ఎవరో తమ ఇష్టం కొద్దీ వేరే దారిలో వెళ్తే నేనేం చెయ్యను? ఆ మాటే కాస్త మర్యాదగా అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "మీరు రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నా భయమంతా అదే. ఈ ప్రాజెక్టు రాకపోతే మా విభాగాన్ని వేరే విభాగంలో కలిపేస్తారు. ముప్ఫై ఏళ్లుగా ప్రయోగాల కోసం పురుగుల్ని తరం తర్వాత తరం పెంచుతున్న గది ఒకటి ఉంది మాకు. దానికి తాళం పడుతుంది. నేను వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. ఆ తాళం నా చేత్తో వెయ్యకుండా ఉండాలని ఆశ" అంది. కమిటీ సమావేశానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ శనివారం మధ్యాహ్నం వెంకట్రావు గారింటికి భోజనానికి వెళ్లాను. ఆయనది తెనాలి వైపు. పప్పుధాన్యాల శాస్త్రవేత్తగా మా విశ్వవిద్యాలయంలోనే పనిచేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు, మాటలో ఇంకా పదును తగ్గలేదు. పప్పుచారు పోసుకుంటూ నా గోడు వెళ్లబోసుకున్నాను. బులెటిన్లట, సంతలో ఆడవాళ్లట అని కాస్త వెటకారంగానే చెప్పి ఉంటాను. ఆయన గరిటె కింద పెట్టి, బేస్‌మెంట్‌లోకి దిగారు. పావుగంటకి ఒక పాత ఫైలుతో పైకొచ్చారు.

"ఇది చూడమ్మా."

పసుపుపచ్చ అట్ట, ఎనిమిది పేజీలు. అబెనా గారి విభాగం ముద్ర. నల్ల గుడ్డ మీద బొబ్బర్లు పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి ఎండలో పెడితే ఎంత వేడికి గింజలోని పురుగు చస్తుంది, ఎంత దాటితే గింజ మొలకెత్తకుండా పోతుంది అన్నది ఒక పట్టికగా వేశారు.

"నాకు బాగా పేరు తెచ్చిన పేపర్ ఉంది చూడు, అందులో టెంపరేచర్లు ఎక్కడివనుకున్నావ్? ఈ టేబుల్లోవే. ఉత్తరం రాసి తెప్పించుకున్నా. కింద రిఫరెన్సుల్లో సైట్ చేశాను కూడా. నువ్వు ఆ పేపర్ చదవలేదా?"

చదవలేదు. లెక్కపెట్టాను. అంతకుముందు ఏడాది మా విశ్వవిద్యాలయం ఘనత గురించి వేసిన రంగుల చార్టులో ఆ వ్యాసానికి పెద్ద పీట వేసింది నేనే. దాని వేరు పసుపుపచ్చ అట్టలో ఉంటే, దాన్ని లెక్కలోకి రాదని పక్కన పడేసిందీ నేనే.

"పప్పులో కాలేశానండీ" అన్నాను.

"తెలిసింది కదా, ఇప్పుడు తియ్" అన్నారాయన, చారు మళ్లీ వడ్డిస్తూ.

సోమవారం నుంచి పని తిరగేసి మొదలుపెట్టాను. అబెనా గారి విభాగం పేరు మీద వ్యాసాలు వెతకడం మానేసి, ప్రపంచంలో ఈ పురుగు మీద వచ్చిన వ్యాసాలన్నీ తీసి, ఒక్కొక్కదాని చివర రిఫరెన్సుల జాబితా చదువుతూ పోయాను. యంత్రం దీన్ని సరిగ్గా పట్టుకోలేదు. బులెటిన్‌ని ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు, కాబట్టి కంటితో చూడాల్సిందే. కళ్లు మంటలెత్తాయి. కానీ ఎంత సంతోషం! బ్రెజిల్, కెన్యా, ఆస్ట్రేలియా, చివరికి మన ఆంధ్ర నుంచి వచ్చిన ఒక వ్యాసంలో కూడా ఆ పసుపుపచ్చ బులెటిన్లు కనిపించాయి. బుధవారం అబెనా గారికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఆవిడ నవ్వి, మిగతా బులెటిన్లు స్కాన్ చేసి పంపింది.

నా మొదటి చిత్తు ముందే చూసిన డేవిడ్ సమావేశంలో అడిగాడు: "వారం కిందట లేని పరిశోధన ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"అప్పుడూ ఉంది. నేను తప్పు చోట వెతికాను. మొదటి నివేదిక నా పొరపాటు" అన్నాను. పద్దెనిమిదేళ్లలో ఆ మాట నలుగురి ముందు అనడం అదే మొదటిసారి.

కమిటీలో ఒకాయన వదల్లేదు. "ఎవరు ఉదహరించినా, వీటికి పీర్ రివ్యూ లేదు కదా?" అన్నాడు. తొమ్మిది రోజుల ముందు నేనన్న మాటే. జవాబుగా ఒక బులెటిన్ చివరి పేజీని తెర మీద వేశాను. ప్రతి బులెటిన్‌లోనూ చివరి పేజీ ఖాళీగా వదిలేస్తారు. చదివి వాడినవాళ్లు ఏం జరిగిందో అందులో రాసి, చింపి, తిరిగి పంపాలి. రాయడం రానివాళ్లకి ఎవరో ఒకరు రాసిపెడతారు. తర్వాతి బులెటిన్‌లో ఆ సవరణలు పేరుతో సహా అచ్చవుతాయి. తెర మీదున్న పేజీలో ఒకావిడ ఇలా రాసింది: "మబ్బు పట్టిన రోజు చేశాను. పురుగు చావలేదు. రెండో రోజు కూడా ఎండబెడితే చచ్చింది." కింద తర్వాతి బులెటిన్ చూపించాను. పట్టికలో కొత్త వరుస: మబ్బు రోజులకి రెండు రోజులు. పక్కన ఆవిడ పేరు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నా వ్యాసాల్ని కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చదివి చూడలేదు" అన్నాడు. డేవిడ్ నవ్వాడు. నిల్వ పని అబెనా గారి విభాగానికి ఇవ్వాలని ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్లి కాసేపు హాయిగా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఆ తర్వాత బులెటిన్లన్నిటినీ మా రిపోజిటరీలో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకునే డిజిటల్ బీరువాలో పెట్టాం. అబెనా గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. చివరి ఖాళీ పేజీ అలాగే ఉండాలి, చదివినవాళ్లు రాసేలా. వెంకట్రావు గారు ఊరుకుంటారా? పురుగు పట్టిన బొబ్బర్లు సంచీలో పోసి మూడు రోజులు ఇంటి వెనక మంచులో పెట్టారు. తర్వాత ఆయన గింజలు చీల్చి పురుగుల్ని లెక్కపెడితే, నేను తడిగుడ్డలో మూటగట్టి మొలకలు లెక్కపెట్టాను. ఇద్దరం కలిసి ఆ పేజీ నింపి పంపాం.

ఆనాటి నుంచి నా ప్రతి నివేదిక మొదటి పేరాలోనే, నేను ఎక్కడెక్కడ వెతికానో, ఎక్కడ వెతకలేదో రాస్తున్నాను. కొందరికి అది చాదస్తంగా కనిపిస్తుంది. కనిపించనీ. నేను చూడనిచోట కూడా మనుషులు పనిచేస్తుంటారని ఆ పసుపుపచ్చ అట్ట నాకు నేర్పింది.

కిందటేడు ఘనా నుంచి కొత్త బులెటిన్ పోస్టులో వచ్చింది. అబెనా గారు రిటైరయ్యారు. పురుగుల గది నడుస్తూనే ఉంది. పట్టిక చివర కొత్త వరుస చేరింది: ఎండ లేని చలిదేశంలో, మంచులో మూడు రోజులు. పక్కన వెంకట్రావు గారి పేరు, దాని కింద నా పేరు. ఉద్యోగంలో చేరాక పరిశోధనలో నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. డేటాబేసులో వెతికితే దొరకదు. బల్ల ఎదురుగా గోడకి తగిలించుకున్నాను.