బతికున్న మనిషికి చందా

గంగామణక్క చచ్చిపోయిందని ఖతర్‌లో తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. తెలియని మనిషి ఒక్కర్తే మిగిలింది. ఆవిడే గంగామణక్క.

నవ్వకండి. మొదట్నుంచీ చెబుతాను. మధ్యలో ఎవరైనా నవ్వితే ఆపేస్తాను, నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

నా పేరు శివకుమారి. మాది అమలాపురం దగ్గర. దోహాలో, అల్ హిలాల్‌లో ఒక కొట్టులో అరబ్బు ఆడవాళ్ళు తొడుక్కునే నల్లటి అబాయాలు కుడతాను. గంగామణక్కది కోరుట్ల పక్క పల్లె. మొగుడు పోయాక అరబ్బుల ఇళ్ళల్లో పనికి వచ్చి, నానా గడ్డీ కరిచి, ఇప్పుడొక బడిలో ఆయాగా ఉంది. ఇద్దరం కలిసి ఒక పాత విల్లాలో వెనకవైపు వాటా అద్దెకి తీసుకున్నాం. పేరుకి ఇద్దరం. శుక్రవారం వస్తే దోహా పక్కనే కొత్తగా కడుతున్న లుసైల్ సైట్లలో పనిచేసే అక్క జిల్లా మగాళ్ళందరూ మా గుమ్మంలోనే. అక్క జొన్నరొట్టెలు కొడుతూనే ఉంటుంది, పచ్చిపులుసు కలుపుతూనే ఉంటుంది. ఉన్నవాడు ఇంత చేతిలో పెడతాడు, లేనివాడు త్రేన్చి వెళ్తాడు. "ఇది ఇల్లా, సత్రమా?" అని నేను అరుస్తాను. "నువ్వు గూడ తినే, కడుపు సల్లగైతే నోరు మూతవడతది" అంటుంది.

అది ఖతర్ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఏడాది. ఊరంతా పెళ్ళివారిల్లులా ఉంది. ఎక్కడ చూసినా రంగులు, జెండాలు, కొత్త రోడ్లు. అద్దెలు కూడా పెళ్ళికొడుకు గుర్రం ఎక్కినట్టు ఎక్కి కూర్చున్నాయి. సరిగ్గా ఆ జులైలో మా విల్లా చూసుకునే ఏజెంటు ఇక్రాముద్దీన్ భాయ్ వచ్చాడు. హైదరాబాదీ. మంచివాడే గానీ, ఓనర్ మనిషి.

"కరెంటు, నీళ్ళు కలిపి బిల్లొచ్చింది అమ్మా. బేస్తారం లోపల కట్టకుంటే లైన్ కట్ చేస్తరు. కట్ అయితే వాటా ఖాళీ చేయాలె. ఓనర్ అదే చూస్తుండు. మ్యాచులకు వచ్చేటోళ్ళు మూడింతలు ఇస్తరు" అన్నాడు. బేస్తారమంటే వాళ్ళ భాషలో గురువారం.

బిల్లు చూసి అక్క కుర్చీ కోసం తడుముకుంది. మా ఇద్దరి జీతాలూ పోసినా అడుగు కూడా తడవదు.

"ఇదేంది భాయ్! మేం సముద్రం తాగినమా?"

తాగింది మేం కాదు, మిద్దె. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు ఆపే బంతి విరిగిపోయి, నెలల తరబడి నీళ్ళు పొర్లిపోతూనే ఉన్నాయట. మా కోనసీమలో అయితే గోడ నాని, పాచి పట్టి, గడ్డి మొలిచి మరీ చెప్పేది. ఇక్కడి ఎండకి పడ్డ నీరు పడ్డట్టే ఆవిరైపోయింది. పైకెక్కి చూస్తే పావురాలు జలకాలాడుతున్నాయి. వాటికి తప్ప ఎవరికీ తెలియలేదు. బంతి మార్పించాం గానీ, పోయిన నీళ్ళకి బిల్లు మాదే. అద్దె కాగితంలో అలాగే ఉంది.

ఆ రోజు నుంచి అక్కకి మీటరంటే దెయ్యం భయం పట్టుకుంది. ఏసీ బంద్. లైటు బంద్. ఆఖరికి ఫోను చార్జింగ్ కూడా బంద్. "ఫోనుకి ఎంత కాలుద్దక్కా!" అంటే, "సుక్క సుక్క పోతేనేగదనే గింత బిల్లొచ్చింది!" అంటుంది. దోహా జులైలో ఏసీ లేకుండా ఇద్దరం ఇడ్లీల్లా ఉడికాం.

బడికి సెలవులు, ఆఫీసుకి తాళం. అడ్వాన్సు అడుగుదామన్నా మనిషి లేడు. సరే, మనవాళ్ళకి సాయం చేసే ఒక సంఘం ఉందని తెలిసి అక్కడికి వెళ్ళాం. కార్యదర్శి గారు చల్లటి గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. అక్క టీ సంగతి మరిచిపోయి ఏసీ కిందే ముఖం పెట్టుకుని కూర్చుంది.

"హాస్పిటల్ అయితే సాయం ఉందమ్మా. జైలు అయితే ఉంది. డెడ్ బాడీ ఇంటికి పంపాలంటే వెంటనే ఉంది. కరెంటు బిల్లుకి మాత్రం మా రూల్స్‌లో లేదు" అన్నారాయన.

"అంటే సావాల్నా సార్?"

"అయ్యయ్యో, అవేం మాటలమ్మా! అన్నట్టు మీరు బతుకమ్మ బాగా ఆడతారట కదా. వరల్డ్ కప్ స్వాగతం వీడియో తీస్తున్నాం. రండి. చీర మేమే ఇస్తాం."

"చీరెను ప్లగ్గుల వెట్టుకోవాల్నా?" అంది అక్క. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. లాక్కొచ్చి, మెట్ల మీద కూర్చుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు అయ్యాక అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇల్లు వోతే నేనెటు వోవాలె కుమారీ? గా పోరగాండ్లు శుక్రారం ఎటు వోవాలె?" అంది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మంగళవారం సాయంత్రం రాజనర్సుకి చెప్పాం. రాజనర్సు లుసైల్‌లో ఎత్తైన బిల్డింగులకి పరంజా కడతాడు. అక్కా అక్కా అని కొంగు పట్టుకు తిరుగుతాడు. వాళ్ళ జిల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే. "గింతేనా అక్కా? గ్రూపుల చందా ఏపిస్త. పొద్దుగాల పెడ్త, నువ్వు నిమ్మలంగుండు" అన్నాడు.

ఆ గ్రూపు పద్ధతి మీకు చెప్పాలి. చందా ఎవరికంటే, ఎక్కువగా పోయినవాళ్ళకి. సైట్లో పడిపోయినవాడు, నిద్రలోనే ఆగిపోయినవాడు, ఎవరైనా సరే, ముందు ఫొటో వస్తుంది. కింద రాజనర్సు గొంతుతో మెసేజ్ వస్తుంది. డ్యూటీలో ఆ రొదలో దాన్ని ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. ఫొటో చూడగానే హెల్మెట్ తీసి, ఒక దండం పెట్టి, తోచింది పంపేస్తారు.

బుధవారం పొద్దున్న రాజనర్సు ఫొటో పెట్టాడు. మహానుభావుడు, ఉన్నవాటిలో మంచిది ఏరి మరీ పెట్టాడు. మేడే నాడు కుర్రాళ్ళందరూ కలిసి అక్కకి సన్మానం చేసి తీసిన ఫొటో అది. మెడలో ఇంత లావు బంతిపూల దండ. నుదుట రూపాయంత బొట్టు. కింద గొంతు మెసేజ్‌లో బిల్లు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పి, ఫోను లాకర్లో పెట్టి, పరంజా ఎక్కేశాడు.

నేను కొట్టులో కుట్టుకుంటున్నాను. ఓబులేసు ఫోను చేశాడు. అతను కడప జిల్లా మనిషి, అక్కడెక్కడో ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. మేడంని దోహాకి తెచ్చినప్పుడల్లా అక్క రొట్టె తినకుండా పోడు. రొట్టెల కోసమే ఆ గ్రూపులో కూడా చేరాడు.

"అక్కా... యాడ పెట్టినారు?" అన్నాడు. ముక్కు చీదుతున్నాడు.

"ఏంటి పెట్టేది?"

"గంగామణక్కను."

"ఇంట్లోనే ఉంది. ఏం?"

"ఇంట్లోనా! ఇంతసేపు ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా! ఏసీ గూడా లేదంటివి గదక్కా! ఐసన్నా ఏసినారా?"

"ఐసేంటి నీ మొహం! పొద్దున్నే కాఫీ తాగేవా, ఇంకేమైనానా?"

"గ్రూపులో ఫొటో పెట్టినారు. దండేసినారు. నేను వస్తాండా అక్కా" అని భోరుమని ఏడుస్తూ పెట్టేశాడు.

నేను అక్కకి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. పొద్దున్న బాగానే ఉంది, నిజమే. కానీ ఆ ఎండ, ఆ గది, ఏసీ లేదు, వయసు పైబడుతోంది. గ్రూపులో నాకంటే ముందే ఎవరికో తెలిసిందేమో! సూది గుడ్డలోనే వదిలేసి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు, అరికాళ్ళు పెనం మీద పెట్టినట్టు కాలిపోయాయి. దారిపొడుగునా వేంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకుంటూనే ఉన్నాను.

తలుపు తోశాను. వంటింట్లో నేల మీద, తెల్లటి దుప్పటి ముసుగు తన్ని పడుకుని ఉంది. కదలడం లేదు.

నేను పెట్టిన కేకకి విల్లా అద్దాలు అదిరాయి.

దుప్పటిలోంచి చెయ్యి బయటికొచ్చింది. "ఏందే గట్ల ఒర్రుతున్నవ్? సల్లగుంటదని దుప్పటి తడిపి కప్పుకున్న. గిప్పుడే కన్నంటుకున్నది."

"నువ్వు పోయేవంట!" అన్నాను.

"ఏడికి?"

నేను ఆవిడ మీద పడి ఏడ్చాను, కొట్టాను, తిట్టాను. ఇంక మీటరు సంగతి గంగలో కలిపి, ముందు ఆవిడ ఫోను చార్జింగ్‌కి పెట్టాను. ప్రాణం రాగానే అది మోగడం మొదలెట్టింది. మొదటి ఫోను ఊరినుంచి, ఆవిడ తమ్ముడు గజేందర్. అక్క గొంతు విని వాడు ఫోను కింద పడేసుకున్నాడు. మళ్ళీ తీసి, "దుబాయ్‌ల అక్క పోయిందన్నరు, వాకిట్ల టెంటు గూడ ఏసినం. స్వర్ణ వదిన దుకాణం కట్టేసి వచ్చింది. వచ్చినకాంచి ఏడుస్తనే ఉంది" అన్నాడు. ఆ ఊళ్ళో వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే.

స్వర్ణ వదినంటే అక్క అన్నగారి పెళ్ళాం, ఆవిడకీ అక్కకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

"వదినె ఏడ్సిందా?" అక్క ముఖం వెలిగిపోయింది. "నిజంగనా? ఎట్లెట్ల ఏడ్సిందిరా? ఏమనుకుంట ఏడ్సింది?"

"నా బంగారు వదినే, నీ అసొంటి మనిషి పుట్టది అనుకుంట..."

"గిప్పుడే జెప్పకు నేను బతికున్నట్టు. ఇంకింత ఏడ్వనియ్. ఫోను అటు వెట్టు, నేనింట!"

నేను ఫోను లాక్కుని ఆ టెంటు పీకించేసరికి గేటు దగ్గర అలికిడి అయింది. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పనులు ఆపేస్తారు కదా, లుసైల్ వాళ్ళందరూ ఆ ఖాళీలో రెండు పికప్‌లు మాట్లాడుకుని వచ్చేశారు. సైటు బట్టలతోనే ఉన్నారు. ఒకడి చేతిలో కొత్త తెల్లగుడ్డ ఉంది. అందరికంటే ముందు రాజనర్సు, గుండెలు బాదుకుంటూ. చందా మెసేజ్ పెట్టినవాడే! కిందికి దిగి ఫోను తీసేసరికి గ్రూపు నిండా దండాలు, ఏడుపులు చూసి, తను మెసేజ్ పెట్టాక అక్క నిజంగానే పోయిందనుకున్నాడు వెర్రివెంగళప్ప.

అక్క తలుపు తీసింది. "ఏందిరా గింతమంది? తిన్నరా?"

రాజనర్సు నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలబడ్డాడు. తెల్లగుడ్డవాడు గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. సంగతి తెలిశాక అక్క చెప్పు తీసుకుని వాకిలంతా రాజనర్సుని తరిమింది. వాడు దెబ్బలు తింటూ, "కొట్టక్కా, ఇంక కొట్టు" అని నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. అంతలో మేడం బండి వచ్చి ఆగింది. ఓబులేసు దిగాడు. వెనక డిక్కీలో చేపల రేవు నుంచి తెచ్చిన పెట్టెడు ఐసు. అక్కని చూసి కాళ్ళ మీద పడిపోయాడు. ఆ ఐసు వృథా చెయ్యడం ఎందుకని మజ్జిగలో వేసి అందరికీ పోశాను.

మజ్జిగ తాగాక రాజనర్సు ఫోను తీసి చూపించాడు. చందా వచ్చి పడింది. బిల్లు కట్టి ఇంకా మిగిలేంత. నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం ముఖం తిప్పేసుకుంది.

"నాకద్దు. అవి సచ్చినదాని పైసలు. నేను సావలే. ఎవలవి వాళ్ళకు పంపిచ్చెయ్ రాజన్నా."

"అక్కా, రేపే గురువారం!" అని అరిచాను. "లైను కట్ చేస్తే రోడ్డు మీద పడతాం. ఎలా వస్తే ఏంటి, కట్టుకుందాం!"

"ఏడ్సి ఇచ్చిండ్రే పిలగాండ్లు. మోసమైతది. నా ఒంటికి అంటదు."

చెప్పగా చెప్పగా మొండికేసింది. రాజనర్సు బతిమాలాడు, ఓబులేసు ఒట్టు పెట్టాడు, నేను తిట్టాను. ఊహూ. అప్పటిదాకా గోడవారన కూర్చున్న తిరుమల్ లేచాడు. తాపీ పని చేస్తాడు, అందరిలోకీ పెద్దవాడు, మాట్లాడటం తక్కువ.

"అక్కా, గీ గ్రూపు వెట్టినకాంచి నేను పైసలేస్తున్న. ఫొటో అచ్చినప్పుడల్లా ఏసిన. మా బావమరిదికి ఏసిన. నా రూముల నా పక్క మంచంల పన్నోనికి ఏసిన. అన్ని మనిషిని డబ్బల వెట్టి ఇంటికి పంపనీకే. పైసలేసినంక ఒక్కలన్న తలుపు దీసి, తిన్నవారా అని అడుగలే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇయ్యాల నువ్వు అడిగినవ్. ఒక్కపారన్న మనిషిని ఉంచుకునేటందుకు పైసలు ఇయ్యనియ్ అక్కా."

అక్క ఇంకా చేతిలోనే ఉన్న చెప్పు కింద పడేసి, నా వైపు తిరిగి, "కట్టవే" అంది.

రాజనర్సు ఆ డబ్బు నా ఫోనుకి పంపాడు, నేను ఫోనులోనే కట్టేశాను. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కాను. కట్టినట్టు మెసేజ్ రాగానే ఫోను పైకెత్తి చూపించాను. ఆ కుర్రాళ్ళు వేసిన ఈలలకీ కేకలకీ పక్క విల్లా ఫిలిప్పినో వాళ్ళు మ్యాచ్ మొదలైపోయిందనుకుని బయటికొచ్చారు. రాజనర్సు అక్కని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు. "దించురా దొంగ సచ్చినోడా, నిజంగనే పోత!" అని అరుస్తోంది ఆవిడ.

మిగిలిన పైసలు గ్రూపులోనే ఉంచమంది. ఇక బతికున్నవాళ్ళకి కూడా చందా ఉంటుందని చెప్పమంది. రాజనర్సు గొంతు మెసేజ్ పెట్టబోతే అందరం కలిసి ఫోను లాక్కున్నాం. వీడియో తీసి పెట్టాం, అక్కచేత తిట్టించి మరీ.

డ్యూటీకి వేళయింది. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ పికప్‌వాడు హారన్ కొడుతున్నాడు. అయినా వాళ్ళు ఊరికే ఎక్కలేదు. ఒక్కొక్కరే అక్క దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, వెచ్చగా ఉందని తెలుసుకుని మరీ బండెక్కారు. తిరుమల్ అందరికంటే చివర వచ్చాడు, అతని చెయ్యి మాత్రం అక్కే చాలాసేపు వదల్లేదు.