విసుర్రాయి దగ్గర తేలిన మాట

వికారాబాద్ గుట్టల దగ్గర పాతకాలపు ఊరొకటి కట్టారని విని, మొన్న మా చెల్లెలితో కలిసి పరిగిలో బస్సెక్కి వెళ్లాను. తాండూరు బండల గోడలు, ఎర్రమన్ను అలికిన అరుగులు, మగ్గం, కుమ్మరి సారె, అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి; మనం పుట్టిపెరిగినటువంటి ఇంట్లోకి టికెట్టు కొనుక్కుని వెళ్లడం మన తరానికే దక్కిన భాగ్యం. ఒక వసారాలో జొన్నలు విసురుతున్న పిల్ల నన్ను చూసి, "అమ్మా, జర మీరు గూడ ఇసురుండ్రి, పాట గిట్ల వస్తదా?" అని అడిగింది. పాట రాకపోవడమేమిటి, మా అక్క చదువే విసుర్రాయి మీద కుదిరిందని మా చెల్లెలు నాకంటే ముందే చెప్పేసింది.

మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. నాయన మందను తోలుకుని అడవికి పోతే, ఇంటి దగ్గర గొర్రెపిల్లలను చూసుకోవడం ఆడపిల్లల పని. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి, ఆ పైన చదవాలంటే పక్క ఊరికి నడవాలి. నాయనమ్మ వద్దంది, ఆమె వద్దంటే నాయన కూడా నోరెత్తడు. అత్తకు ఎదురు చెప్పడం మా ఇళ్లలో లేదు, కానీ కోడలు విసురుతూ ఏం పాడినా అత్త తప్పు పట్టకూడదు, అది రాయితో చెప్పుకునే మాట. అందుకని అమ్మ రోజూ తెల్లవారుజామున, పక్క గదిలో పడుకున్న నాయనమ్మకు వినబడేలా ఎత్తుకునేది:

"ఇసుర్రాయి తల్లీ, ఇనవే నా మాట,
అచ్చరమెరగక అరిగిపోతి నేను,
బిడ్డ చేతిలన్న పలక నిలవనీయే."

నాయనమ్మ ఒకసారి దగ్గి అటు తిరిగి పడుకునేది. వెంటనే జవాబు చెప్పమని రాయి అడగదు కదా. నేను మాత్రం గొంగడిలో మెలకువగా పడుకుని వినేదాన్ని, బడులు తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ ఏడుపొచ్చేది. చివరికి ఒక పొద్దున నాయనమ్మ లేచి వచ్చి, అమ్మకు ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుని, పిడి మీద తన చేయి కూడా వేసి, బొంగురు గొంతుతో అందుకుంది:

"గొర్రెపిల్లలనింక నేనే కాస్తగాని,
మాపటికి బిడ్డొచ్చి లెక్క జెప్పాలె."

అంతే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చేతులూ తీయలేదు; ఆ పూట రెండు రోజులకు సరిపడా పిండి అయింది. నేను బడికి పోయాను, పంతులమ్మనయ్యాను, ఎవరి ముందూ తడబడకుండా బతికాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి మనసులో మాట వాళ్లు మొహం మీదే అనేస్తారు. మంచిదే, అమ్మ పడ్డ కష్టం నా కోడలికి లేదు. పోయిన నెల మనుమరాలిని హైదరాబాదులో హాస్టల్లో ఉంచి చదివిస్తానని ఆమె అంటే, ఆడపిల్ల, అంత దూరం వద్దన్నాను. ఆమె మళ్లీ అంది, నేను మళ్లీ వద్దన్నాను. కోడలి మాటే న్యాయమని ఆ సాయంత్రానికే నాకు తెలిసిపోయింది, ఒప్పుకోవాలనే ఉంది. నోరు విప్పకుండా ఎదురుగా కూర్చుని ఆమె చేతి పక్కన నా చేయి వేద్దామంటే, మా వంటింట్లో ఇద్దరు కలిసి చేసే పనే మిగల్లేదు.