కల్బా కొండదారిలో కారుకు ఊపిరాడలేదు

నాగమణికి ఈ దేశంలోనే ఒక అక్క ఉందన్న సంగతి మా బిల్డింగ్ లిఫ్టులో తెలిసింది నాకు. అల్ కుసైస్‌లో మేముండే బిల్డింగ్‌లోనే, మూడో అంతస్తులో ఒక కుటుంబం దగ్గర పనిచేస్తుంది నాగమణి. అమలాపురం దగ్గర పల్లె. వాళ్ళక్క సత్యవతి కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. ఇక్కడి నుంచి కల్బాకు గంటన్నర కూడా పట్టదు. అయినా నాలుగేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఈమెకు సెలవిచ్చిన రోజు ఆమెకు ఇవ్వరు, ఆమెకు ఇచ్చిన రోజు ఈమె ఇంట్లో చుట్టాలు. మధ్యలో కరోనా రోజుల్లో ఊళ్ళో తల్లి చనిపోయింది. విమానాలు లేవు. వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు వంటగదుల్లో ఫోన్లు పట్టుకుని ఏడ్చారట. ఇప్పుడు సత్యవతి వచ్చే నెల పూర్తిగా ఊరికి వెళ్ళిపోతోంది. నాగమణి ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తమ కుటుంబం కల్బా బీచ్‌కు వస్తుందనీ, ఐదింటి దాకా ఉంటుందనీ, అక్కడికి వస్తే చెల్లెలితో కూర్చోవచ్చనీ సత్యవతికి వాళ్ళ మేడం మాటిచ్చింది.

షార్జా జుబైల్ బస్టాండు నుంచి కల్బాకు బస్సులున్నాయి. ఒంటరిగా, తీరిగ్గా వెళ్ళేవాళ్ళకు అదే చవక. కానీ నాగమణి రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. "బస్సెందుకు, నా కార్ల పోదాం" అన్నాను నేను. నాది పన్నెండేళ్ళ నాటి చిన్న జపాన్ కారు. నేను పనిచేసే క్లినిక్‌కూ, ఇంటికీ, సూపర్ మార్కెట్‌కూ తప్ప తిరగదు. అందుకే కొండదారి కదా అని శుక్రవారమే కుసైస్ పారిశ్రామిక వాడలో ఒక గ్యారేజీలో ఇచ్చాను. ఆయిల్ మార్చారు, స్పార్క్ ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశారు. సూపర్‌వైజర్ తాళం చేతిలో పెడుతూ "ఏక్‌దం నయీ గాడీ బనా దియా మేడం" అన్నాడు. కారును కొత్తదానిలా చేసేశాడట. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

ఒంటిగంటకు బయల్దేరాం. కుసైస్ నుంచి షార్జా వైపు ఎక్కి, మలీహా రోడ్డు పట్టుకుని తిన్నగా కల్బాకు వెళ్ళడమే. ఈ దారిలో మాకు టోల్ వసూలు చేసే సాలిక్ గేటు తగల్లేదు. రానూపోనూ యాభై అరవై దిర్హాంల పెట్రోలు సరిపోతుంది. నాగమణి ఒళ్ళో ఒక డబ్బా పెట్టుకుని కూర్చుంది. అందులో కొబ్బరుండలు. పొద్దున్నే లేచి, ఆ ఇంటివాళ్ళ టిఫిన్లు కాకముందే చేసిందట. "మా అక్కకి బెల్లం ఎక్కువుండాలండి. తక్కువైతే నా మొహానే కొడుతుంది" అని నవ్వింది. ఏప్రిల్ చివరి ఎండ. రోడ్డుకు రెండు వైపులా ఎర్ర ఇసుక దిబ్బలు, ఎక్కడో ఒంటెలు. అప్పటికే కారు కొంచెం నీరసంగా ఉందనిపించింది. ఎదురుగాలేమోలే అనుకున్నాను.

మలీహా ఊరు దాటేసరికి అది గాలి కాదని తేలిపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ముల్లు పైకి లేవడం లేదు. నూట పది మీద వెళ్తున్న కారు తొంభైకి, ఆ తర్వాత డెబ్భైకి పడిపోయింది. కుదుపు లేదు, చప్పుడు లేదు, పొగ లేదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. వెనకొచ్చే పెద్ద బళ్ళు లైట్లు కొడుతూ, హారన్ మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. రోడ్డు పక్కన ఒక టైర్ల షాపు కనిపిస్తే ఆపి, అక్కడి నుంచే గ్యారేజీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. కారుకు ఏమవుతోందో నేను చెప్పడం పూర్తి కాకముందే "మేడం, పురానీ గాడీ హై. ఏసీ బంద్ కరో, ధీరే ధీరే చలావ్" అన్నాడు. పాత కారట, ఏసీ ఆపి మెల్లగా నడపాలట.

"మొన్ననే గదా నయీ గాడీ బనా దియా అన్నావ్?" అని హిందీలో నిలదీశాను. లైన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

టైర్ల షాపు పఠాన్ మా ముందున్న రెండు ట్రక్కుల టైర్లు మార్చేదాకా మావైపు రాలేదు. ఎండలో చాలాసేపు నిలబెట్టాక వచ్చి, బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి మూసేశాడు. "బేచ్ దో బాజీ. పురానీ హో గయీ" అన్నాడు. పాతదైపోయింది, అమ్మెయ్యమని. దేన్నీ ముట్టుకోలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. షెల్ఫులోంచి పెట్రోల్లో కలిపే మందు సీసా ఒకటి తీసి, ఇది పోస్తే పరిగెడుతుందన్నాడు. వద్దని చెప్పాల్సింది. కానీ గడియారం మూడు దాటుతోంది, నాగమణి ఫోన్లో సత్యవతి "ఎక్కడున్నావే?" అని అడుగుతోంది. ముప్ఫై దిర్హాంలు పోసి ఆ సీసా కొన్నాను. నేను గ్యారేజీవాణ్ణి తిట్టుకుంటూ ఉంటే నాగమణి పక్కనే ఉన్న హోటల్ నుంచి రెండు కరక్ చాయ్‌లు తెచ్చింది.

"కంగారు పడకండి మేడం గారూ. దొరికినంతసేపే చూస్తాను. ఎలాగైనా వెళ్తాం కదండీ."

"నువ్వు గిట్ల నిమ్మళంగ మాట్లాడకు నాగమణీ. నాకింకా మండుతది" అన్నాను.

"ఆయ్" అని చాయ్ నా చేతిలో పెట్టింది.

మందు పోశాక ఏమీ మారలేదు. ఏసీ ఆపి, అద్దాలు దించి, వేడిగాలిలో పాకుతూ వాదీ అల్ హెలో కొండల్లోకి చేరాం. బయటికి చూసి ఆనందించాల్సిన దారి అది. రెండు పక్కలా గోధుమ రంగు రాళ్ళ కొండలు, కింద ఖర్జూరపు తోటలు, ముందు సొరంగం. నేను మాత్రం స్పీడోమీటర్ తప్ప ఏమీ చూడలేదు. ఎత్తు మొదలవగానే కారు నలభైకి పడిపోయింది. ఆ వేగంతో సొరంగంలోకి వెళ్తే వెనకనుంచి వచ్చే ట్రక్కు మమ్మల్ని తొక్కేస్తుంది. అత్యవసరంగా ఆపుకోవడానికి వదిలిన వెడల్పు జాగాలోకి తిప్పి, హజార్డ్ లైట్లు వేసి, వెనక ఎర్ర త్రికోణం పెట్టి, నాగమణిని ఇనుప రెయిలింగ్ అవతలికి పంపాను. రికవరీ బండికి ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. రెండు గంటల తర్వాత బీచ్‌లో సత్యవతి ఉండదు.

అప్పుడు నేను చేసింది చెబుతాను. పాత చిన్న కారుతో కొండలకు వెళ్ళేవాళ్ళకు ఇది పనికొస్తుంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, అంటే ఇంజిన్ కాగిపోలేదు. హెచ్చరిక దీపం ఏదీ వెలగలేదు. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, ఏదీ మిగతావాటికంటే వేడిగా లేదు. అంటే బ్రేకు పట్టేసి లాగడం లేదు. గేరు జారుతుంటే ఇంజిన్ గోల పెట్టి కారు కదలకుండా ఉండాలి. ఇక్కడ ఇంజినే పైకి లేవడం లేదు. నిలబెట్టినప్పుడు మాత్రం చక్కగా, మెత్తగా తిరుగుతోంది. ఇక మిగిలింది పెట్రోలైనా అందకపోవాలి, గాలైనా అందకపోవాలి. పెట్రోలు పంపు పాడైతే ఈ కొండలో నేను చేయగలిగేదేం లేదు. గాలి సంగతంటారా, ఫిల్టర్ మొన్ననే కొత్తది వేశారు కదా అని దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

అక్కడే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. పోయిన నెల ఇదే కారు హత్తా కొండలు ఏసీతో సహా ఎక్కింది. అప్పటికీ ఇప్పటికీ మధ్య దీన్ని ముట్టుకున్నది ఆ గ్యారేజీ ఒక్కటే. వాళ్ళు ముట్టుకున్నవి మూడే. ఆయిల్ కర్ర తీసి చూశాను, సరిగ్గా ఉంది. ప్లగ్గుల్లో తేడా ఉంటే ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ కొట్టుకోవాలి. మిగిలింది ఫిల్టర్ పెట్టె. దానికి పనిముట్లు అక్కర్లేదు, క్లిప్పులే. వేళ్ళు కాలుతుంటే దుపట్టా అడ్డుపెట్టుకుని ఊడదీశాను. లోపల ఫిల్టర్ తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. నా ప్రాణం ఉసూరుమంది. మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

రెయిలింగ్ దాటి ఎప్పుడొచ్చిందో నాగమణి నా భుజం పక్కనుంచి తొంగి చూసింది. "మేడం గారూ, ఆ గొట్టంలో ఏదో ఇరుక్కుందండి. గుడ్డలా ఉంది."

మూత నుంచి ఇంజిన్‌కు గాలి వెళ్ళే లావుపాటి గొట్టం అది. వేలు పెట్టి లాగాను. వస్తోంది, ఇంకా వస్తోంది. నూనె మరకల నీలం గుడ్డ, మెకానిక్‌లు చేతులు తుడుచుకునేది, మూరెడు పొడుగు. పని ముగించి పెట్టె మూసేటప్పుడు లోపలే వదిలేశారు. ఊళ్ళో నెమ్మదిగా తిరిగినంతసేపు ఒక పక్కన పడి ఉంది. హైవే మీద ఇంజిన్ గట్టిగా గాలి పీల్చేకొద్దీ అది గొట్టంలోకి జారి బిగుసుకుపోయింది. ముక్కులో గుడ్డ కుక్కి పరిగెత్తమంటే ఎవరు పరిగెడతారు? నేను ఆ కొండల మధ్య నిలబడి, మా జగిత్యాలలో కూడా ఆడవాళ్ళు నోరారా తిట్టని తిట్లు తిట్టాను. నాగమణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. క్లిప్పులు బిగించి, స్టార్ట్ చేసి తొక్కాను. ముల్లు ఒక్క ఊపున లేచింది.

సొరంగం దాటి, దిగువకు దిగి, కల్బా బీచ్ చేరేసరికి ఐదు కావస్తోంది. ఆ కుటుంబం అప్పటికే చాప మడుస్తోంది. యూనిఫాంలో ఉన్న ఒకావిడ చంకలో పాపతో రోడ్డు వైపే చూస్తోంది. నాగమణి డోరు మూయకుండానే పరిగెత్తింది. సత్యవతి పాపను దించి "మామా, ఉఖ్తీ! మా చెల్లి!" అని వాళ్ళ మేడంతో అరబ్బీ, తెలుగు కలిపి అరిచింది. ఇక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అనే పిలుస్తారు. ఆ మేడం చెడ్డమనిషేం కాదు. మూడు నుంచీ మా కోసం చూసిందట. గడియారం చూసి, వాళ్ళ కారులో కూర్చున్న ముసలాయన వైపు చూసి, "అషర దకాయక్" అంది. పది నిమిషాలు.

నేను దూరంగా ఆగిపోయాను. అక్కాచెల్లెళ్ళు ఇసుకలో కూలబడ్డారు. సత్యవతి చెల్లెలి జుట్టు సవరిస్తూనే ఉంది. తర్వాత ఏం మాట్లాడుకున్నారో తిరుగు దారిలో నాగమణి చెప్పింది.

"అమ్మ చివర్లో నీ పేరే పిలిచిందంట కదే" అందట అక్క.

"అదేంటక్కా? నిన్నే పిలిచిందని నాతో మావయ్య చెప్పాడు."

"నాతో నీ పేరన్నాడు."

"మరైతే..."

అప్పుడే అటునుంచి, ఇక పద అంటూ, "యల్లా, సత్యా" అని పిలుపొచ్చింది. పాప ఏడుస్తోంది. సత్యవతి లేచింది. కొబ్బరుండల డబ్బా చేతుల్లో పెడితే, ఒకటి కొరికి, మిగిలిన సగం చెల్లెలి నోట్లో పెట్టి, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్ళింది. వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా నాగమణి చెయ్యి ఊపుతూనే ఉంది.

వచ్చేటప్పుడు కారు కొండల్ని ఎగరేసుకుంటూ ఎక్కింది. అది ఎంత బాగా ఎక్కితే నాకు అంత కోపం వచ్చింది. కుసైస్ చేరగానే ఇంటికి కాకుండా తిన్నగా గ్యారేజీకి తిప్పాను. సూపర్‌వైజర్ ఏసీ గదిలోనే ఉన్నాడు. గుడ్డ అతని బల్ల మీద వేశాను. దాన్ని చూసి నవ్వాడు. "అరే మేడం, ఛోటీ సీ గల్తీ. హో జాతా హై. నెక్స్ట్ సర్వీస్ ఫ్రీ." చిన్న పొరపాటట, జరుగుతుంటాయట.

నేను నోరు తెరిచేలోపు నా వెనకనుంచి గొంతు లేచింది. మధ్యాహ్నం నుంచీ నన్ను ఊరడించిన మనిషి గొంతేనా అది అనిపించింది.

"ఛోటీ నహీ సార్! ఛోటీ నహీ!" తర్వాత నాగమణికి హిందీ చాలలేదు. "నాలుగేళ్ళు చూశానండి నేను ఈ ఒక్క రోజు కోసం. మా అమ్మ పోయాక మా అక్క మొహం చూళ్ళేదు నేను. రెండు గంటలిచ్చారు మాకు, రెండే రెండు గంటలు. మీ గుడ్డ తినేసింది. ఫ్రీయా? ఏమిస్తారండి ఫ్రీగా? మా అక్కనిస్తారా? నేనడగాల్సింది సగంలో ఆగిపోయింది, అదిస్తారా?"

బయట పనిచేస్తున్నవాళ్ళు చేతుల్లో పానాలతో అలాగే నిలబడిపోయారు. సూపర్‌వైజర్ నావైపు తిరిగి "క్యా బోల్ రహీ హై?" అన్నాడు. ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పాను. అతని నవ్వు పోయింది. లేచి నిలబడి "సారీ బహన్" అన్నాడు. నాగమణి గది బయటికి నడిచి, కారెక్కి, అప్పుడు ఏడ్చింది.

ఇది రాస్తున్నప్పటికి సత్యవతి ఊరు చేరింది. మావయ్యను అడుగుదామంటే ఆయనా ఇప్పుడు బతికి లేడు. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటున్నారు గానీ అమ్మ ఎవరి పేరు పిలిచిందన్న ఆ మాట మాత్రం ఫోన్లో రావడం లేదంటుంది నాగమణి. నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. పాతది అన్న ఒక్క మాటతో ఇద్దరు మగవాళ్ళు బానెట్ కింద చెయ్యి పెట్టకుండానే తప్పుకున్నారు. ఆ మాట చెప్పడానికి వాళ్ళకేం ఖర్చు కాలేదు. నిజానికి ఆ కారులో పాతదేదీ చెడిపోలేదు. మొన్నటి నిర్లక్ష్యం చెడగొట్టింది. వాళ్ళు ఆలోచించకుండా పారేసిన ఆ మాటని నేనూ కాసేపు నమ్మాను. మలీహాలోనే ఆ పెట్టె తెరిచి ఉంటే అక్కాచెల్లెళ్ళకు గంటన్నర దక్కేది.

కల్బా వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, దారి అందమైనది, సముద్రం ఇంకా అందమైనది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ప్రయాణానికి ముందు సర్వీసు చేయిస్తే, తాళం తీసుకునే ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత మీ కళ్ళ ముందే తెరిపించి, ఆ గొట్టంలోకి టార్చి వేసి చూడండి. మెకానిక్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.