సాయన్న సారు కనుబొమ్మలు

మా ఆఫీసు గోడకు నిన్న పెద్ద పోస్టరు అంటించారు. జిగురు వాసన ఇంకా పోలేదు. నవ్వుతున్న ముఖాల కింద, మనమంతా ఒకే కుటుంబమని మరాఠీలో రాసి ఉంది. పైవాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా, ఎవరికో మూడిందని అనుకునే స్వభావం నాది. పత్రికల్లో పనిచేసినవాడికి అనుమానం కొత్త కాదు. దాన్ని ఎటు తిప్పాలో నేర్పింది మాత్రం సాయన్న సారు.

నాందేడ్‌లో నేను మొదట చేరిన మరాఠీ దినపత్రికకు ఆయన డెస్కు ఇన్‌చార్జి. మర్ఖేల్‌లో కూలికి వెళ్లే తెలుగు ఇంట పుట్టారు. మనిషి పొట్టి, కనుబొమ్మలు మాత్రం దట్టం. మధ్యాహ్నం చాయ్ రాగానే ఎవరి తప్పు వాళ్లు చెప్పాలన్నది ఆయన పెట్టిన రివాజు. ముందు తన తప్పు చెప్పేవారు, తర్వాత అందరివీ వినేవారు. తిట్టేవారు కాదు. సరిగ్గా అదే నాకు నచ్చలేదు. తిట్టని పెద్దమనిషి వీటన్నిటినీ ఎక్కడ దాచుకుంటున్నాడు?

"చాయ్ తాపిచ్చి వాంగ్మూలం తీసుకుంటుండు, చూడు" అన్నాను శోభతో. శోభది ధర్మాబాద్. మార్కెట్ యార్డు వార్తలు రాసేది.

"వదిన ఇంకింత కూర ఏసినా నీకు షక్కే గద అన్నా" అని నా అనుమానాన్ని చూసి నవ్వింది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. యార్డులో వ్యాపారుల సంఘం అధ్యక్షుడికి, హమాలీలకు గొడవ నడుస్తోంది. ఒక వ్యాపారి శోభకు ఫోనులో దక్కనీ ఉర్దూలో "రాజీనామా హో గయా" అని చెప్పాడు. ఆయన భాషలో రాజీ కుదిరిందని అర్థం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన శోభకు రెండిట్లోనూ రాజీనామా అంటే పదవి వదలడమే. అధ్యక్షుడు తప్పుకున్నాడని రాసింది. సారు చదివి అచ్చుకు పంపారు. తెల్లారి అధ్యక్షుడు పేపరు పట్టుకుని ఆఫీసుకు వచ్చి, తాను ఇంకా కుర్చీలోనే ఉన్నానని మరాఠీలో అరిచి వెళ్లాడు.

చాయ్ దగ్గర శోభ తప్పు ఒప్పుకుంది. మరునాడే హెడ్డాఫీసు నుంచి మేనేజరు దిగాడు. రాసినవాళ్లను ఇంటికి పంపాలి, పేరు చెప్పమన్నాడు. శోభ గ్లాసు ముట్టుకోలేదు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోందని మా అందరికీ తెలుసు. నేను సారు ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ పోగుచేసుకున్నది ఇప్పుడు బయటికి తీస్తాడనుకున్నాను.

"అచ్చుకు పంపింది నేను. నా పేరు రాసుకోండి. రాసినవాళ్ల పేరు ఇవ్వను" అన్నారాయన మరాఠీలో.

"అంటే తప్పు దాస్తున్నారా?"

"లేదు. సవరణ మొదటి పేజీలో వేసి ఊరికంతా చెప్పాం. పేరే చెప్పడం లేదు. ఇక్కడ చెప్పుకున్నది మీదాకా వస్తే, రేపటి నుంచి ఎవరూ నాతో చెప్పరు."

మేనేజరు సారుకు మెమో ఇచ్చి వెళ్లిపోయాడు. శోభ ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం అనుమానం తీరలేదు. మెట్ల దగ్గర అడిగేశాను.

"సార్, శోభను కాపాడిండ్రా, మీ చాయ్ రివాజునా?"

"రెండూ. నలుగురిల మంచోడు అనిపిచ్చుకోవాలెనని గూడ ఉండొచ్చు. షక్ చెయ్, తప్పు లేదు" అన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. తన తప్పుకు సారు మెమో మోసినప్పటి నుంచి శోభ చాయ్‌కి వచ్చేది, అంతా బాగుందనేది, వెళ్లిపోయేది. ఆమెను చూసి మిగతావాళ్లూ అంతే. తప్పుల్లేని డెస్కు చూసి నేను సంతోషించాను. సారు నన్ను పక్కకు పిలిచారు.

"బిడ్డ నౌకరి నిలవడ్డది గని నోరు పడిపోయింది. నా మొకంల ఏమన్న కనవడ్తుందా? నిజం చెప్పు."

"తప్పు ఇనేటప్పుడు మీ కనుబొమ్మలు లేస్తయి సార్."

"ఎప్పటి సంది?"

"ముందటి సంది గంతే."

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేందిరా?"

"అవి లేస్తయని."

అప్పుడు కూడా అవి లేచాయి.

మరునాడు చాయ్ దగ్గర సారు అరచేత్తో నుదురు గట్టిగా అదిమిపట్టి కూర్చున్నారు. ఎవరికీ అర్థం కాలేదు. చివరికి శోభే అడిగింది.

"తల నొస్తుందా సార్?"

"లేదు బిడ్డా. కనుబొమ్మలు పట్టుకున్న. అవి లేస్తే మీరు చెప్తలేరంట. ఇగ చెప్పుండ్రి."

శోభ చాయ్ పొలమారేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుని, మాహూర్ వార్తలో ఒక పేరు తప్పు పడిందేమోనని, అప్పటికి ఇంకా అచ్చుకు పోలేదని చెప్పింది. సారు నుదుటి మీద చెయ్యి తియ్యకుండానే, రెండో చేత్తో ఫోను అందుకున్నారు.

సాయన్న సారు ఇప్పుడు లేరు. నా కింద పనిచేసేవాళ్లు కొందరున్నారు. అనుమానం నన్ను వదల్లేదు, వదలాలని కోరుకోను కూడా. కాకపోతే వారం పొడుగునా ఎవరూ ఏ తప్పూ చెప్పకుండా, అంతా బాగుంది సార్ అంటూ గ్లాసులు దించి వెళ్లిపోతుంటే, వాళ్లేం దాస్తున్నారని వెతకను. వాళ్లు మాట్లాడేటప్పుడు నేనేం ముఖం పెడుతున్నానో చెప్పగలిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని చూస్తాను.