ఫిన్లాండువాడి పొడుగు మాట

ఇవాళ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అల్లుడి చెంప పగలగొట్టాను. కాకినాడ వర్తకుల బిడ్డ. మా శ్రీకాకుళం యాస అతనికి వేళాకోళం. "మావయ్యగారూ, ఇంకోసారి 'ఏటి' అనండి, మా స్నేహితులు వింటారు" అన్నాడు. అంతే, చెయ్యి లేచిపోయింది. అతను ఎంగిలి చేత్తోనే వెళ్లిపోయాడు. కొట్టిన చెయ్యి కడుక్కుంటుంటే రేవు గుర్తుకొచ్చింది. అక్కడ వేళాకోళం చేసింది నేను.

పంతొమ్మిదివందల ఇరవైలలో రంగూన్ రేవులో టేకు దుంగలు లాగే జట్టుకి పదం చెప్పేవాణ్ణి. పదం సాగినంతసేపూ తాడు బిగబట్టి ఉంచాలి. "ఐలెస్సా" అని ఆగినచోట అందరూ ఒక్క ఊపున లాగాలి. ఒక ఏడు ఫిన్లాండు ఓడ వచ్చింది. అందులో ఒక నావికుడు వాళ్ల దేశానికి తూర్పు కొసవాడట. మాటలో రష్యా వాసనేస్తుందని సొంత ఓడవాళ్లే ఏడిపిస్తారని ఇంగ్లీషు వచ్చిన మా మేస్త్రీ చెప్పాడు. పాపం, మా పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. వాళ్ల భాషలో మాటకి మాట తగులుకుని గూడ్సుబండిలా సాగుతుందని వేళ్లతో చూపించి, ఒకటి నేర్పాడు. "ఎపాయార్యెస్తెల్మాల్లి..." తల గుర్తుంది, తోక లేదు.

ఒక పొద్దున దుంగ వాలు మీద సగంలో ఉండగా, నవ్వించాలని మా పదానికి బదులు ఆ మాట అందుకున్నాను, అచ్చం అతనిలాగే ముక్కుతో. అది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? సగంమంది మధ్యలోనే లాగేశారు, సగంమంది నవ్వుతూ ఉండిపోయారు. తాడు తెగింది. దుంగ దొర్లి, జట్టులోనే ఉన్న మా బావ కాలు నలిపేసింది. నావికుడు దూకి, బావని చంకల కింద పట్టి ఇవతలికి లాగాడు. జట్టంతా నా వైపు తిరిగింది.

"ఈడే! ఈడే తాడు కోసీసినాడు!" అని నావికుణ్ణి చూపించి అరిచాను.

వెనకవాళ్లు నమ్మారు. దుంగలు పట్టే కొక్కేలతో మీద పడ్డారు. పళ్లు రాలాయి, ఒక కన్ను నెత్తుటి ముద్దయింది. నేనూ ఒక తన్ను తన్నాను.

సాయంత్రం బావకి నిజం చెప్పాను. మంచం మీంచే ఇత్తడి చెంబు నా నుదుటికి విసిరాడు. "కాలు పోతే పోనాది, నా పేనం లాగినోడు ఆడురా! ఎల్లి ఆడి కాళ్లట్టుకో!" పరిగెత్తాను. ఓడ అప్పటికే నది మలుపు తిరిగిపోయింది.

అందుకే ఇవాళ పొద్దుగుంకకముందే రంగూన్‌లోనే తాకేటా పేటలో ఉన్న అల్లుడి కొట్టుకి వెళ్లి, బేరాలవాళ్ల ముందే చేతులు జోడించాను. "ఏటి మావయ్యగారూ, ఇదేటి!" అని గబుక్కున పట్టుకున్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

తిరిగొస్తుంటే ఎక్కడో ఓడ కూసింది. ఆనాడు నేను ఒక్క పూటే ఆలస్యమయ్యాను. ఆ పూట ఇన్నేళ్లయినా గడవలేదు.